ఎవరి ఉప్పు?

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ మూసారాంబాగ్. మా మన్సూరాబాద్ వైపు నుంచి ఊళ్ళోకి పోయేవాళ్ళందరూ రోజూ వినే పేరే. వినడానికి మన రాముడి పేరులాగే ఉంటుంది గానీ, ఈ రాముడు ఫ్రాన్సు నుంచి వచ్చినవాడు. మిషెల్ జోకిం మరీ రేమండ్. ఫ్రెంచివాళ్ళు మగవాళ్ళ పేర్ల ముందు పెట్టే ‘మొస్యో’ మన నోట్లో పడి ‘మూసా’ అయింది. ఆ తర్వాతి ముక్కని హిందువులు రామ్ అన్నారు, ముస్లిములు రహీమ్ అన్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు అతనిలో చూసుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్ దాటాక, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద అతని సమాధి ఉంది. ఇరవై అడుగులు దాటిన స్తంభం, దాని మీద జె.ఆర్. అని రెండక్షరాలు. ముందున్న మంటపం 2001 వానలకి కూలిపోతే మళ్ళీ కట్టారు. ఒకప్పుడు అతని వర్ధంతికి ఇక్కడ ఉర్సు జరిగేది. ఆరో నిజాము ఏటా సమాధి దగ్గరికి ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా బీరు పంపించేవాడని చెబుతారు. ఫ్రెంచి సిపాయి దర్గాకి అంతకన్నా తగిన నైవేద్యం ఏముంటుంది!

ఈ రేమండ్ ఫిరంగులు పోయించినవాడు. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అని ఇప్పటికీ పిలిచే చోట, జనం తోప్ కా సాంచా అనే చోట, ఉన్నది అతను పెట్టించిన కార్ఖానాయే. నిజాము అతన్ని తన ఆయుధసామగ్రి మొత్తానికీ అధికారిని చేశాడు. అయితే నన్ను చాలాకాలంగా కుదురుగా ఉండనివ్వనిది అతనొక్కడి కథే కాదు. అతను పోయిన ఏడు నెలలకి అతని సైన్యాన్ని ఒక్క తుపాకీ పేల్చకుండా మాయం చేసిన ఇంకొక మనిషి కథ కూడా దాన్ని పెనవేసుకుని ఉంది. అతను జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. సిపాయిగా మొదలై రాయబారి అయినవాడు. అదే మెట్రో లైన్లో ఇంకొంచెం ముందుకి పోయి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే, కోఠీలో అతను కట్టించిన రెసిడెన్సీ కనిపిస్తుంది. ఒకే పట్టాల మీద ఇద్దరూ దొరుకుతారు.

ఆయుధం చేసే మనిషి ఆయుధం వదిలి మాట అందుకుంటే మెరుగైన మనిషి అవుతాడని మనకో నమ్మకం. కత్తి కన్నా మాట పైమెట్టు అనుకుంటాం. పురాణాలూ అలాగే చెప్పాయి, బళ్ళో పాఠాలూ అలాగే చెప్పాయి. ఈ ఇద్దరి కథా చదివినకొద్దీ ఆ మెట్ల లెక్క మీద నాకు అనుమానం పెరిగింది.

ముందు రేమండ్ సంగతి. 1755లో దక్షిణ ఫ్రాన్సులోని గాస్కనీలో పుట్టాడు. 1775లో పాండిచ్చేరికి వచ్చాడు, యుద్ధానికి కాదు, వ్యాపారానికి. అంగడి పెట్టుకుందామని వచ్చినవాడు మైసూరు కొలువులోని ఫ్రెంచి దళంలో చేరాడు. తర్వాత ముసలి బుస్సీ దగ్గర పనిచేశాడు. బుస్సీ అంటే మనకి వేరే చెప్పక్కర్లేదు, బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీయే. బుస్సీ పోయాక, 1786 ప్రాంతంలో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. మొదట చేతికింద ఉన్నది మూడొందలమంది. పదేళ్ళు తిరిగేసరికి పద్నాలుగు వేలు దాటారు.

ఆ పెరుగుదలకి ఒక కారణం ఖర్డా. 1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఆ యుద్ధంలో రేమండ్ దళాలు గట్టిగానే నిలబడ్డాయి. నిజాము మాత్రం రాత్రికి రాత్రి వెనక్కి తగ్గి ఖర్డా కోటలో దూరాడు. కోటని చుట్టుముట్టారు. చివరికి భూములు ఇచ్చి, డబ్బు ఒప్పుకుని, మంత్రి అరస్తూ జాని పూనాకి బందీగా పంపి బయటపడ్డాడు. స్నేహితులమని చెప్పుకున్న ఇంగ్లీషువాళ్ళు ఆ యుద్ధంలో మేం తటస్థులమని కూర్చున్నారు. అలాంటి స్నేహితుడికి జీతం దండగని నిజాముకి అనిపించింది. వాళ్ళ పటాలాల్ని పొమ్మన్నాడు. రేమండ్‌ని పెంచాడు. అదే ఏడు నిజాము కొడుకు ఆలీ జా తండ్రి మీద తిరగబడితే అణిచిందీ రేమండే. ఆ తర్వాత ఆలీ జా ప్రాణం తీసుకున్నాడు.

ఇక్కడిదాకా చూస్తే ఉప్పు తిన్న ఇంటికి విశ్వాసంగా ఉన్న కొలువుకాడు. కానీ రేమండ్ సిపాయిలు ఎత్తిన జెండా నిజాముది కాదు. మూడు రంగుల ఫ్రెంచి జెండా. రాజు తల నరికిన రిపబ్లిక్కు జెండాని ఒక రాజు కోసం యుద్ధానికి పట్టుకెళ్ళారు. వాళ్ళ గుండీల మీద స్వేచ్ఛకి గుర్తుగా టోపీ బొమ్మ ఉండేదని ఇంగ్లీషువాళ్ళు భయపడుతూ రాసుకున్నారు. తెలంగాణా పల్లెల నుంచీ, ఇంకెక్కడి నుంచో వచ్చి తుపాకీ పట్టిన సిపాయికి ఆ టోపీ ఏంటో తెలిసి ఉంటుందా? తెలియకపోయినా చొక్కాకి తగిలించుకునే తిరిగాడు. రేమండ్‌కి మాత్రం బాగా తెలుసు. తిన్నది నిజాము ఉప్పు, మోసింది ఫ్రాన్సు జెండా. ఇందులో అతనికి ఇబ్బంది ఏమీ కనిపించినట్టు లేదు.

ఉప్పు తిన్నవాడు అన్న మాటని మనం చాలా గౌరవంగా వాడతాం. భారతంలో యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు కవచం విప్పి, ఆయుధం వదిలి, నడిచి పోయి భీష్ముడికీ ద్రోణుడికీ దణ్ణం పెడతాడు. గెలుపు నీదే అవుతుంది, కానీ మేం కౌరవుల సొమ్ముకి కట్టుబడ్డాం అని ఇద్దరూ ఒకేలాంటి మాట చెప్పి పంపిస్తారు. చిన్నప్పుడు ఈ ఘట్టం విన్నప్పుడు వాళ్ళ నిజాయితీకి కళ్ళు చెమర్చాయి. పెద్దయ్యాక అదే ఘట్టం చల్లగా, భయంకరంగా తోచింది. ధర్మం ఎటువైపు ఉందో తెలిసినవాళ్ళు, జీతం ఎటునుంచి వస్తోందో చూసుకుని బాణాలు అటునుంచి వేశారు. ఆ లెక్కన ఉప్పు అనేది ధర్మాన్ని పక్కన పెట్టడానికి దొరికే అతి మర్యాదైన సాకు.

ఉప్పుని పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. అదీ లేకపోతే ఎవరి మీద నమ్మకం పెట్టాలి? పద్నాలుగు వేల తుపాకుల్ని ఒక పరాయివాడి చేతిలో పెట్టి నిజాము రాత్రుళ్ళు నిద్రపోయాడంటే, నిద్రపట్టించింది ఆ ఉప్పే.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. విషం పెట్టారన్నారు, తనే తీసుకున్నాడన్నారు. అతని స్థానంలోకి పిరోన్ వచ్చాడు. రేమండ్‌కున్న చాకచక్యం ఇతనికి లేదు. పూనా నుంచి తిరిగొచ్చిన అరస్తూ జా ఇంగ్లీషువాళ్ళ వైపు మొగ్గాడు. కలకత్తాకి వెల్లెస్లీ కొత్త గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. దక్కనులో ఫ్రెంచివాడి చేతికింద ఉన్న ప్రతి తుపాకీలోనూ వెల్లెస్లీకి నెపోలియనే కనిపించాడు.

ఇక కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసు కోటలో పుట్టాడు, కుంపిణీ వారి మద్రాసు సైన్యంలో చేరాడు. సవతి అన్న విలియం హైదరాబాదులో రెసిడెంటుగా ఉంటే సహాయకుడిగా వచ్చాడు. అన్న జబ్బుపడి వెళ్ళిపోతే ఆ పని తనే చేశాడు. పారశీకం వచ్చు, హిందుస్తానీ వచ్చు. దర్బారు మర్యాదలు నేర్చుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ వయసులో, 1798 సెప్టెంబరు 1న, నిజాముతో సంధి రాయించాడు. దాని ప్రకారం ఆరు వేల మంది కుంపిణీ సిపాయిలు హైదరాబాదులో ఉంటారు. వాళ్ళ ఖర్చుకి ఏటా 24,17,100 రూపాయలు నిజాము ఇస్తాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేస్తాడు.

సంతకం అయ్యాక నిజాము వెనకాడాడు. ఎవడైనా వెనకాడతాడు. తన కత్తిని తనే విరిచి, ఆ విరిచినందుకు పక్కవాడి కత్తికి అద్దె కట్టమంటే! కిర్క్‌పాట్రిక్ బెదిరించాల్సినంత బెదిరించాడు. గుంటూరు నుంచి కర్నల్ రాబర్ట్స్ పటాలాలు వచ్చి ఫ్రెంచి శిబిరానికి ఎగువన ఫిరంగులతో నిలబడ్డాయి. ఈలోగా శిబిరం లోపల వేరే గొడవ. జీతాలు బకాయి పడ్డాయి. సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల్నే, పిరోన్‌తో సహా, పట్టి నిర్బంధించారు. అక్టోబరు 22న బకాయిలు ఇప్పిస్తామని, మళ్ళీ కొలువు ఇప్పిస్తామని మాట ఇస్తే సాయంత్రానికల్లా తుపాకులు కింద పెట్టి పోయారు. పదివేల పైచిలుకు సైన్యం. నెత్తురు చుక్క రాలలేదు. ఫ్రెంచి అధికారుల సొంత ఆస్తులు ముట్టుకోకుండా పంపించారు.

నా గొడవంతా ఆ రోజుతోనే. ఆ రోజుని ఏమనాలి?

ఒకవైపు నుంచి చూస్తే రాయబారానికి ఇంతకన్నా గొప్ప విజయం లేదు. యుద్ధమే జరిగి ఉంటే ఆ గుట్టల చుట్టూ ఎన్ని వేల శవాలు పడేవో! మనం రక్తం చిందని విజయాల్ని తేలిగ్గా వెక్కిరిస్తాం, కుట్ర అంటాం, కపటం అంటాం. చచ్చిపోనివాడు మనల్ని వచ్చి ప్రశ్నించలేడు కాబట్టి ఆ మాట చెల్లిపోతుంది. ఆ సాయంత్రం తుపాకీ పడేసి ఊరికి నడిచిపోయిన సిపాయి భార్య దృష్టిలోంచి చూస్తే కిర్క్‌పాట్రిక్ పుణ్యాత్ముడు. ఈ మాట నేను వెటకారంగా అనడం లేదు.

ఇంకోవైపు నుంచి చూస్తే, హైదరాబాదు రాజ్యం చేతిలో తనదనే ఆయుధం ఆ రోజుతో పోయింది. కుంపిణీ పటాలాలు హుస్సేన్‌సాగర్ అవతల దిగి మరి వెళ్ళలేదు. ఆ దిగిన చోటే 1806లో సికింద్రాబాదు అని పేరు పెట్టారు. రెండేళ్ళు తిరక్కుండా, 1800 అక్టోబరు 12న, ఆ పటాలాల ఖర్చు కింద అదే కిర్క్‌పాట్రిక్ ఇంకో సంధి రాయించాడు. టిప్పు నుంచి నిజాముకి దక్కిన కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు, కర్నూలు వైపు కొంత, కుంపిణీ పరమయ్యాయి. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా ఆ నేలని దత్త మండలాలు అనే పిలిచారు. దత్తం అంటే ఇచ్చేసినది. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకున్నవాడు కుంపిణీ. మధ్యలో నాగలి పట్టుకుని నిలబడ్డవాణ్ణి అడిగినవాడు లేడు. రేమండ్ ఫిరంగులన్నీ కలిసి నిజాముకి ఒక జిల్లా కూడా సంపాదించి పెట్టలేదు, కిర్క్‌పాట్రిక్ కలం అన్ని జిల్లాల్ని పట్టుకుపోయింది. నెత్తురు కారలేదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు, అంతే.

రెసిడెన్సీ స్థలం గురించి ఒక కథ ఉంది. ఇప్పటి కోఠీలో, మూసీకి ఇవతల, భవనం కట్టుకోవడానికి కిర్క్‌పాట్రిక్ కొంత పొలం అడగాలనుకున్నాడట. ఇంజనీరు చేత కొలిపించి, పెద్ద కాగితం మీద చక్కగా నక్షా గీయించి దర్బారుకి తీసుకుపోయాడు. నిజాము చాలాసేపు చూసి ఇవ్వనన్నాడు. కారణం తెలియక మంత్రిని అడిగితే ఆయన నవ్వాడట. నిజాము ఇంతవరకు చూసిన రాజ్యం నక్షాలన్నీ ఇంచుమించు ఇంత సైజులోనే ఉంటాయి, నువ్వు సగం రాజ్యం అడుగుతున్నావనుకున్నాడు అన్నాడు. మళ్ళీసారి అదే స్థలాన్ని చిన్న అట్టముక్క మీద గీయించి తీసుకుపోతే నిజాము సంతోషంగా ఇచ్చేశాడట. మద్రాసు ఇంజనీర్లకి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ 1803 నుంచి అక్కడ ఆ భవనం కట్టాడు.

ఈ కథని నవాబుగారి అమాయకత్వానికి ఉదాహరణగా చెప్పి నవ్వుతారు. నాకు మాత్రం ఇది రాయబారి చదువు మొత్తం ఒక్క ఘట్టంలో చెప్పినట్టు ఉంటుంది. ఇంజనీరుకి కొలత ముఖ్యం. కాగితం ఎంతైనా నేల ఎంతుందో అంతే ఉంటుంది, కింద స్కేలు రాస్తాడు. రాయబారికి నేల కన్నా కాగితం ముఖ్యం. ఎంత తీసుకుంటున్నాడో మార్చక్కర్లేదు, ఎంత కనిపిస్తుందో మారిస్తే చాలు. అట్టముక్క మీద గీసిన గీత అబద్ధం కాదు. నేల కొలత సరిగ్గా అంతే. అందుకే ఇది చిక్కు ప్రశ్న. ప్రతి గీతా నిజమైన నక్షాతో మనిషిని మోసం చెయ్యొచ్చా? చేశాక, నేను అబద్ధం ఆడలేదే అని అనుకోవచ్చా? 24,17,100 అన్న అంకె కూడా అలాంటి అట్టముక్కే. ఏటా కట్టే సొమ్ములా కనిపించింది. రెండేళ్ళకి నాలుగు జిల్లాలంత అయింది.

అదే కాలంలో నిజాము ఇలాకాలో ఇంకో మిలటరీ ఇంజనీరు తిరుగుతున్నాడు, కాలిన్ మెకంజీ. నిజాము రాజ్యానికి పటం గీస్తూ, రాళ్ళ మీద శాసనాలు పోగేస్తూ. మన కావలి బొర్రయ్య అతనికి తోడయ్యాడు. మెకంజీ రాయబారి కాలేదు, కొలిచేవాడుగానే ఉండిపోయాడు. ఆ కైఫీయత్తులు లేకపోతే మన పల్లెల చరిత్ర సగం చీకట్లో ఉండేది. ఆ పటాలే పట్టుకుని కుంపిణీ సైన్యాలు నడిచిన మాటా నిజమే. కొలిచేవాడి చెయ్యి మాత్రం శుభ్రంగా ఉందని అనలేం. కాకపోతే అతని పటం ఇప్పటికీ మనకీ పనికొస్తోంది, సంధిపత్రం రాసుకున్నవాడికే పనికొచ్చింది.

ఈ విషయం మా వీధిలో ఒక పెద్దాయనతో మాట్లాడాను. మా వైపు ఇళ్ళల్లో చాలామంది పొద్దున్నే సాగర్ రింగ్‌రోడ్డు మీదుగా కాంచన్‌బాగ్ పోయేవాళ్ళే. క్షిపణులు, వాటికి కావలసిన లోహాలు అక్కడే తయారవుతాయి. ఈయన అలాంటి చోటే ముప్పై ఏళ్ళు పైన చేసి రిటైరయ్యాడు. నేను రేమండ్, కిర్క్‌పాట్రిక్ అని చెప్పుకుపోతుంటే ఆపాడు.

“మేం జేసింది కొట్టడానికి గాదు సార్. వాడు కొట్టకుండ ఆపడానికి. మేం జేసింది ఒక్కటి గూడ పేలకపోతే మా పని మంచిగైనట్టు.”

“మరి పేలకపోతే అది పనిచేస్తదో లేదో ఎట్ల తెలుస్తది అన్నా?” అన్నాను.

“ఎదుటోనికి తెలిస్తె చాలు. మనకెందుకు?”

నేను నవ్వాను గానీ ఆ జవాబు చాలారోజులు వదల్లేదు. ఆయన దృష్టిలో ఆయుధం కూడా ఒక రాయబారమే, మాట్లాడకుండా చేసే రాయబారం. కాంచన్‌బాగ్‌లో క్షిపణులు చేయించిన అబ్దుల్ కలాం తర్వాత రాష్ట్రపతి అయి బడిపిల్లలకి కలలు కనమని చెప్పినప్పుడు, ఒకే మనిషి రెండు వేర్వేరు పనులు చేశాడని దేశం అనుకోలేదు. రెండూ ఒకే పని అనుకుంది. నాకు అంత సులువుగా రెండూ కలవవు. అయినా పెద్దాయన మాటకి 1798లో సాక్ష్యం ఉంది. రేమండ్ ఫిరంగులు ఉన్నంతకాలం నిజాముతో ఇంగ్లీషువాళ్ళు బతిమాలే గొంతుతో మాట్లాడారు. అవి పోయిన మర్నాటి నుంచి ఆ గొంతు మారింది. ఫిరంగి లేనివాడికి వచ్చే రాయబారం వేరేలా ఉంటుంది.

మనకి బాగా తెలిసిన రాయబారం కూడా అంతే కదా. తిరుపతి వెంకటకవుల నాటకంలో కృష్ణుడు రాయబారానికి వచ్చి పద్యం ఎత్తుకుంటే తెల్లవార్లూ కూర్చుని విన్న జాతి మనది. కృష్ణుడు సంధి కోసమే వచ్చాడు. కానీ వెనక అర్జునుడి గాండీవం లేకుండా ఆ పద్యాలకి అంత మోత ఉండేదా? సభలో మాట చెల్లకపోయాక దారిలో కర్ణుణ్ణి రథమెక్కించుకుని, నీ పుట్టుక ఇది, మావైపు రా అని చెప్పాడు. అది కూడా రాయబారమే, రెండో రకం. నిజమే చెప్పాడు, ఒక్క అక్షరం అబద్ధం లేదు. దాన్నే అట్టముక్క మీద నక్షా అంటున్నాను నేను. కర్ణుడు ఉప్పు మాట చెప్పి దిగిపోయాడు. భీష్మద్రోణుల నోట నన్ను ఇబ్బంది పెట్టిన అదే మాట కర్ణుడి నోట వింటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. వాళ్ళకి అది సాకు, ఇతనికి అది మిగిలిన ఒకే ఒక్క ఆస్తి. మాట ఒకటే, దాన్ని నిలబెట్టుకోవడానికి ఎవడెంత చెల్లించాడన్న దాంట్లో తేడా.

ఆ కొలతతో కిర్క్‌పాట్రిక్‌ని చూస్తే, అతను చెల్లించినదీ తక్కువేం కాదు. హైదరాబాదు అతన్ని మార్చేసింది. ఇక్కడి బట్టలు కట్టాడు, హష్మత్ జంగ్ అన్న బిరుదు మోశాడు. గొప్ప ఇంటి ఆడపిల్ల ఖైరున్నీసాని ఇస్లామిక్ పద్ధతిలో పెళ్ళి చేసుకున్నాడు. దాని మీద కలకత్తా నుంచి విచారణలు వచ్చాయి, ఉద్యోగం పోయేంత పనయింది. దేశీరాజుల మీద వెల్లెస్లీ చేస్తున్న దౌర్జన్యం అతనికి రానురానూ గిట్టలేదు. సంధులు రాయించిన చేతితోనే ఆ విధానం తప్పని ఉత్తరాలు రాశాడు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపించాల్సి వచ్చింది. అదే ఏడు అక్టోబరు 15న కలకత్తాలో చనిపోయాడు, నలభై ఒక్కేళ్ళు. ఖైరున్నీసా మళ్ళీ పిల్లల్ని చూడలేదు. విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ వచ్చాక ఈ ప్రేమకథ అందరికీ తెలిసింది. కోఠీకి వెళ్ళిన ప్రతివాళ్ళూ భార్య కోసం తోటలో కట్టించిన బుల్లి రెసిడెన్సీ నమూనా గురించి అడుగుతారు. అడగొచ్చు, అందమైన సంగతే. కడప, బళ్ళారి గురించి అడిగినవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

ప్రేమించిన నేలనే కాగితం మీద పెట్టి ఇచ్చేయించిన మనిషి అతను. పశ్చాత్తాపపడ్డాడు, ఉద్యోగం మానలేదు. పశ్చాత్తాపపడుతూ ఉద్యోగం చేసేవాడి నీతి ఎంత? నేను పుట్టిన మధ్యతరగతిలో చాలామంది జీవితం ఇదే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కానీ అతని బాధ దత్త మండలాల్లో ఒక ఎకరం శిస్తు కూడా తగ్గించలేదు.

రేమండ్‌కి అలాంటి బాధ ఏదీ ఉన్నట్టు కనపడదు. అలాంటివాడికి దర్గా కట్టారు. రాయబారి భవనం మొదట ఇంగ్లీషు దొరల బంగళాగా ఉండి, తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు విశ్వవిద్యాలయం. చదువు చెబుతోంది కాబట్టి దానికి మంచి గతే పట్టింది. మొక్కినవాళ్ళు మాత్రం లేరు. జనం తీర్పు సరైందని నేను అనను. బుస్సీ, రేమండ్ ఒకే బడిలో చదివినవాళ్ళు. ఒకడు బొబ్బిలిలో రాక్షసుడు, ఒకడు మూసారాంబాగ్‌లో దేవుడు. ఫిరంగి మూతి ఎటు తిరిగి ఉంది అన్నదే తేడా. దత్త మండలాల్లో మన్రో దొర పేరు పిల్లలకి పెట్టుకున్నారు, అతనూ సిపాయిగా వచ్చినవాడే. జీతం సరిగా ఇచ్చినవాణ్ణీ, శిస్తు తగ్గించినవాణ్ణీ జనం గుర్తుపెట్టుకుంటారు, జెండా సంగతి తర్వాత. రేమండ్ తన సిపాయిల్ని బాగా చూసుకున్నాడన్నది అతని శత్రువులు కూడా ఒప్పుకున్న మాట.

ఉప్పు గురించి ఇంతసేపు మాట్లాడాను గానీ, ఉప్పు ప్రశ్న నిజంగా ఎవరికి వచ్చిందో చివర్లో చెప్పాలి. అక్టోబరు 22కి ముందు శిబిరంలో గొడవ నడుస్తున్నప్పుడు, కిర్క్‌పాట్రిక్ సహాయకుడు జాన్ మాల్కమ్ సిపాయిలతో మాట్లాడటానికి లోపలికి పోయాడు. కోపంగా ఉన్న గుంపు అతన్నీ పట్టుకుంది, ప్రాణం పోయేలా ఉంది. ఆ గుంపులోనే కొందరు వెనకటికి కుంపిణీ పటాలంలో మాల్కమ్ కింద పనిచేసి, వదిలి ఇటు వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు గుర్తుపట్టారు. అతన్ని ఎత్తి, జనం తలల మీదుగా బయటికి దాటించారు. ఎప్పుడో తిన్న, వదిలేసిన ఉప్పు అది. ఇప్పుడు తింటున్న ఉప్పుకి అది ఎదురు. వాళ్ళని అలా చెయ్యమన్నది ఏ ధర్మమో నాకు తెలియదు. ఎత్తినప్పుడు వాళ్ళు అతని జెండా చూడలేదు, మొహం చూశారు.

ఆ మర్నాడో మూడోనాడో వాళ్ళూ తుపాకులు కింద పెట్టి ఉంటారు. ఇచ్చిన మాట ప్రకారం ఆ దళంలో చాలామందికి నిజాము సైన్యంలోనే కొలువు దొరికింది, ఈసారి ఇంగ్లీషు అధికారుల కింద. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన నిజాము సేనలో, ఆరు నెలల కిందటిదాకా ఫ్రెంచి టోపీ గుండీలు పెట్టుకున్నవాళ్ళు నడిచారు. వాళ్ళతో పాటు వెళ్ళింది మాల్కమే. కోటలో అవతలివైపు ఉన్నది ఫ్రెంచివాళ్ళ స్నేహితుడు టిప్పు. మే 4న కోట పడింది.